మిగిలిన గుడ్డ

ఓట్లు లెక్కపెట్టిన మర్నాడు
పర్లాకిమిడిలో మా కుట్టు దుకాణానికి
అందరికన్నా ముందు ఈగలొచ్చాయి.
తర్వాత రిటైరైన పోస్టుమాస్టరు సదాశివ పాఢి గారు,
ఆ తర్వాత బేరాల్లేని ఆటోలు రెండు.

గోడవార ఆరు వందల జెండాలు,
వందకో కట్ట, నవారుతో బిగించి.
అన్నీ తెడ్డు గుర్తువే.
విజయయాత్రకని బయానా ఇచ్చి కుట్టించుకున్నారు.
యాత్ర నిన్న సాయంత్రం జరిగింది,
చేట గుర్తు వాళ్లది.
వాళ్ల జెండాలు బరంపురంలో కుట్టారు.

మా ఫలితాలు మేం ఒడియా చానెల్లో చూస్తాం,
విసుక్కోవడం మాత్రం తెలుగులో.
మహేంద్రతనయ దాటితే పాతపట్నం,
అక్కడినుంచి మా అప్ప పొద్దుటే ఫోన్ చేసి
"మావోళ్లు గెలిసినారు, మీవోళ్లేటయ్యారే?" అంది.
మావోళ్లెవరో ఒక్క క్షణం గుర్తుకు రాలేదు.

పోస్టుమాస్టరు గారు నా సుద్దముక్క అందుకుని
కత్తిరింపుల బల్ల మీద దేశం లెక్క వేశారు.
తెడ్డు వాళ్లు రెండు ముక్కలవుతారట.
పెద్ద ముక్క చేటలో పడుతుందట.
చిన్న ముక్క ఢిల్లీలో ఎవరి కొంగు పట్టుకోవాలో తెలీక
ఒక వానాకాలం తిరుగుతుందట.
గొళ్ళెం గుర్తుకి డిపాజిట్లు పోయినా
అసలు భవిష్యత్తు దానిదేనట,
పోగొట్టుకోడానికి ఇంకేం మిగల్లేదు గనక.
"అలాగైతే మన బతుకులూ బాగుపడాల కదండీ"
అన్నాడు ఆటో లింగరాజు.
ఆయన సుద్ద కింద పెట్టేశారు.
ఆ లెక్క మీదే నేనో లంగా కత్తిరించాను.
గీతలు కొన్ని గుడ్డకంటుకున్నాయి,
దులిపితే పోయాయి.

మా ఆయన దాలయ్య ఏమీ అనడు.
ముప్పై ఏళ్లుగా అన్ని పార్టీలకీ కుట్టాడు.
ఎప్పుడో ఒక్కసారి అన్నాడు:
గెలిచేవాళ్లు గజం దగ్గర బేరమాడతారు,
ఓడేవాళ్లు ఆడరు.
ఈసారి తెడ్డు వాళ్లు అడిగిన ధరకే ఒప్పుకున్నారు.
నాకప్పుడే తెలియాల్సింది.

రాత్రి షట్టరు సగం దించాక
ఆర్డరిచ్చిన దండాసి వచ్చాడు.
భుజాన కండువా లేదు.
కండువా తీస్తే వాడి మెడ అంత సన్నమని
పదిహేనేళ్లలో నేనెప్పుడూ చూడలేదు.
మిగతా సొమ్ము మాట వాడెత్తలేదు, నేనూ ఎత్తలేదు.
కట్ట విప్పి, ఒక జెండా తలకిందులుగా పట్టుకుని
"వదినా, ఇలాగ తిప్పితే గరిటిలాగ లేదూ?" అన్నాడు.
నవ్వుతున్నాడేమో అని చూశాను.
అడుగుతున్నాడు.
"తెడ్డంటే రెండూనురా,
పడవలో ఒకటి, అంబలి కుండలో ఒకటి."
కాసేపు నిలబడ్డాడు.
"అయిదేళ్లు దాచగలవా?"
ఎలకలు, చెద, మా రేకుల కప్పు.
ఏటికి వరదొచ్చిన ఏడు
కుట్టు మెషిన్లనే మంచాల మీదికి ఎక్కించాం.
ఏం చెప్పను?
ఒక్కటీ తీసుకోకుండా వెళ్లిపోయాడు.
చేట గుర్తు ఆఫీసు ముందు
సైకిలు నెమ్మది చేశాడని లింగరాజు తర్వాత చెప్పాడు.
ఆగాడో లేదో చూడలేదట.

వానలు పడ్డాయి, బళ్లు తెరిచారు.
నీలం నిక్కర్లు నూట పద్దెనిమిది.
జేబుల లోపలికి గుడ్డ కావాలి,
గట్టిదీ, పైకి కనిపించనిదీ.
దాలయ్య కత్తెర నా చేతికిచ్చి
వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.
గుర్తు తెగకుండా కొయ్యడం కష్టం.
కొన్ని తెగాయి.

మొన్న గౌడోల బృందావన్ కొడుకు
జేబు చిరిగిందని వచ్చాడు.
తిరగేస్తే చింతగింజలు, ఒక రూపాయి, బొంగరం మేకు,
వాటి కింద సగం తెడ్డు.
చిల్లు సరిగ్గా పిడి దగ్గర.
"ఇదేటి పిన్నీ?" అన్నాడు.
ఒడియాలో చెప్పాలా, తెలుగులో చెప్పాలా
అని కాసేపు ఆలోచించి
సూదిలో దారమెక్కించాను.